గవినియొద్ద నిలిచినవారు

ధ్యానభాగములు: 2 రాజులు 6:24–7:11, లూకా 10:30–37



ఒక సాయంకాలము నవీపేటలో గృహకూటము ముగిసి చాపలు చుట్టి పెట్టుచుండగా, మన యౌవనస్థులు కొందరు తాము చూచిన సినిమానుగూర్చి మాటలాడుకొనుచుండిరి. అందులో చచ్చినవారు లేచి తిరుగుదురట. వారు ఎవరిని కరచిన వారును అట్టివారే అగుదురట. పట్టణమంతయు పాడైపోగా, కొందరు మాత్రము ఒక యింటిలో తలుపులు బిగించుకొని బ్రతుకుటకు పాటుపడుదురట. అట్టివారికి జాంబీలని పేరు.

"మన ఊర్లె గిట్ల అయితే ఏం చేద్దాం?" అని ఒకడు అడిగెను. రైసుమిల్లు గోడలు ఎత్తుగా నున్నవి గనుక అందులో దాగుదమని ఒకడు చెప్పెను. గోదావరి దాటి, వంతెనకు లారీలు అడ్డము పెట్టుదమని మరియొకడు చెప్పెను. ఎవరికిని తెలియకుండ బియ్యము, పప్పు దాచుకొందమని ఇంకొకడు చెప్పెను. అందరును నవ్విరి. మేమును నవ్వితిమి.

అప్పుడు గోడకు ఆనుకొని కూర్చున్న ఒక ముసలి తల్లి, "కరిచింది నీ తమ్మున్నే అయితే తలుపు తీస్తవా, తియ్యవా బిడ్డా?" అని అడిగెను. ఎవరును బదులు చెప్పలేదు.

వినోదమునకు చూచిన సినిమానుగూర్చి సంఘపత్రికలో వ్రాయనేల అని కొందరు అనుకొనవచ్చును. అయితే మనము ఆటగా ఊహించుకొనునది మన హృదయములో ముందుగానే ఒక బాట వేయును. భయము వచ్చిన దినమున కాళ్లు ఆ బాటనే పట్టును. గనుక ఆ తల్లి అడిగిన ప్రశ్నను ఈ నెల కొంచెము ధ్యానింతము.

1. చెరుకుతోటలో పుట్టిన కథ

ఈ కథ మన బోధను ప్రాంతపువారు తెలిసికొనదగినది, ఏలయనగా అది చెరుకుతోటలలో పుట్టినది. ఉత్తర దక్షిణ అమెరికాల నడిమి సముద్రములో హైతీ అను దేశము కలదు. అది ఫ్రెంచివారి ఏలుబడిలో నున్న దినములలో ఆఫ్రికానుండి లక్షలకొలది జనులను బానిసలుగా తెచ్చి చెరుకుతోటలలోను గానుగలయొద్దను పని చేయించిరి. 1791లో ఆ బానిసలు తిరుగబడిరి; 1804లో స్వతంత్రులైరి.

హైతీవారి నమ్మికలో జాంబీ అనువాడు ఎవరిని కరచువాడు కాడు. మంత్రగాడొకడు సమాధినుండి లేపి, మనస్సు దొంగిలించి, కూలి లేకుండ పొలములో పనికి పెట్టిన దీనుడు వాడు. కొరడా క్రింద చెరుకు నరికినవానికి చావొక్కటే విడుదలగా తోచియుండును. చచ్చినను ఈ పని వదలదేమో అనుటకంటె గొప్ప భయము అట్టివానికి వేరొకటి లేదు. 1929లో విలియం సీబ్రూక్ అను అమెరికా రచయిత ప్రకటించిన పుస్తకములో ఇట్టి కథ యొకటి కలదు. ఒక మేస్త్రీ చచ్చినవారిచేత చెరుకు పొలములో పని చేయించి వారి కూలి తానే తీసికొనుచుండెనట. ఒకనాడు వారు ఉప్పు కలిసిన మిఠాయి తినగానే, తాము ఎవరో తెలివి తెచ్చుకొని, తమ ఊరి సమాధులవైపు నడచిపోయిరట.

బోధనులో 1930ల చివర మొదలై 2015 డిసెంబరులో మూతపడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీకి చెరుకు తోలిన పెద్దలు మనలో ఉన్నారు. చెరుకు కొట్టు కూలివాని అరచేతులు ఎట్లుండునో వారెరుగుదురు. ఈ కథలోని దుఃఖము వారికి వేరుగా విప్పి చెప్ప నక్కరలేదు.

తరువాత కథ మారిపోయెను. 1968లో జార్జి రొమేరో అనునతడు అమెరికాలో తీసిన చిత్రములో లేచిన శవములు బ్రతికినవారిని తినును. అప్పటినుండి అనేక చిత్రములు ఆ త్రోవనే నడచినవి. 2021లో మన తెలుగులోను "జాంబీ రెడ్డి" వచ్చినది. జాలిపడదగిన కూలివాడు ఈ విధముగా కాల్చివేయదగిన శత్రువాయెను. రొమేరో చిత్రపు ముగింపు మనము గమనింపదగినది. ఒక నల్లజాతి యువకుడు ఒక యింటిలో రాత్రియంతయు పోరాడి బ్రతుకును. తెల్లవారిన తరువాత తుపాకులతో వచ్చినవారు దూరమునుండి చూచి, అతడును చచ్చి లేచినవాడేయని తలంచి కాల్చివేయుదురు. బ్రతికియున్నవానిని చచ్చినవారిలో లెక్కించుట అంత సులభము.

2. కథకుడు పెట్టిన నియమము

ముందుగా సిద్ధపడుట పాపము కాదు. 2011లో అమెరికా ప్రభుత్వపు అంటురోగ నివారణ సంస్థ ఈ జాంబీ కథనే సాకుగా తీసికొని, తుపాను గాని రోగము గాని వచ్చినప్పుడు త్రాగునీరు, ఆహారము, మందులు ఇంటిలో ఉంచుకొనుడని ప్రజలకు బోధించినది. యోసేపు ఏడు సంవత్సరములు ధాన్యము కూర్చెను (ఆదికాండము 41). సువార్తలోని ధనవంతుడును కొట్లు విప్పి గొప్పవి కట్టింప దలచెను (లూకా 12). కొట్లు రెండును కొట్లే. యోసేపు కొట్లు కరవు వచ్చినప్పుడు జనులకు తెరువబడినవి. ధనవంతుడు తన ప్రాణమునుతప్ప మరి ఎవరిని తలంచలేదు.

ఈ కథలలోని అపాయము వేరొక చోటనున్నది. కరవబడినవాడు ఇక మనుష్యుడు కాడు, వానికి మందు లేదు, గనుక వానిని చంపుట తప్పు కాదు అని కథ మొదటనే ఒక నియమము పెట్టుచున్నది. ఆ నియమము ఒప్పుకొన్నయెడల తక్కినదంతయు న్యాయముగానే కనబడును. అయితే ఆ నియమము పెట్టినవాడు కథకుడు. దేవుడు చేసిన లోకములో మనుష్యుని మనుష్యుడు కాకుండ చేయు రోగమేదియు లేదు. ఉన్నదని జనులు తలంచిన ప్రతిసారియు వారు పొరబడిరి.

పిచ్చికుక్క కాటునే తీసికొందము. ఈ కథకు అంతకంటె దగ్గరి రోగము లేదు. రోగము పైకి వచ్చిన తరువాత బ్రతుకుట మిక్కిలి అరుదు. నీళ్లు చూచి బెదరు రోగిని గదిలో వేసి గొళ్లెము పెట్టిన దినములు మన పల్లెలు ఎరిగినవే. అట్టి రోగియు తెలివి వచ్చిన గడియలలో తన తల్లిని గుర్తుపట్టును. మరియు కాటు పడగానే గాయమును సబ్బుతో, పారు నీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆలస్యము లేక ఆసుపత్రికి పోయి సూదిమందులన్నియు వేయించుకొన్నయెడల ఆ రోగము రాకుండ ఆపవచ్చును.

3. డిచ్‌పల్లిలో తెరచిన తలుపు

కుష్ఠరోగులను మన పూర్వులు బ్రతికియున్న శవములుగానే చూచిరి. మిర్యాముకు కుష్ఠు కలిగినప్పుడు అహరోను ఆమెను చచ్చినవారితో పోల్చి బ్రతిమాలుకొనెను (సంఖ్యాకాండము 12). మన ప్రాంతములోను వారికి ఊరు లేదు, బావి లేదు, బంధువులు లేరు. 1907లో స్కాట్లండు దేశస్థురాలైన డాక్టర్ ఇసబెల్ కెర్ అమ్మగారు తన భర్త జార్జి కెర్ గారితో మెథడిస్టు మిషను పక్షముగా ఈ దేశమునకు వచ్చిరి. నిజామాబాదులో వైద్యము చేయుచుండగా వీరి దురవస్థ ఆమె కంటబడెను. రాజా నర్సాగౌడ్ గారు అను హిందూ దాత ద్రవ్యసహాయము చేయగా, 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠరోగుల ఆసుపత్రి తెరువబడెను. అక్కడ నూనె మందును సూదితో ఎక్కించి, ఎవరును ముట్టని పుండ్లను కడిగి కట్టు కట్టిరి. 1932లో మరణించువరకు ఆమె ఈ సేవను విడువలేదు.

ఆ కాలపు మందుకు బలము తక్కువ. రోగమును నిశ్చయముగా మాన్పు మందుల కూర్పు 1980లలో గాని రాలేదు. ఇప్పుడు ఆ మందులు మన ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా దొరకును. నూటికి తొంబదిమందికి పైగా మనుష్యులకు ఈ రోగము అంటనే అంటదని వైద్యులు చెప్పుచున్నారు. ఇంత తెలిసిన తరువాతను, భార్యకు గాని భర్తకు గాని కుష్ఠు ఉన్నదని విడాకులు కోరుటకు మన దేశ చట్టములలో 2019వరకు తావుండెను. క్రైస్తవుల విడాకుల చట్టములోకూడ అది ఉండెను. మందు వచ్చినంత త్వరగా మనస్సు మారలేదు.

ఒక సంగతి మరువరాదు. కెర్ అమ్మగారు జాగ్రత్తను విడిచినవారు కారు. అంటు రోగమున్నప్పుడు ఎడముగా నుండుట బుద్ధియే. అయితే ఎడముగా నుండుట వేరు, లెక్కలోనుండి తీసివేయుట వేరు.

4. మా తప్పిదము

ఇది ఇతరులకు చెప్పు మాట కాదు. 2020 మార్చి నెలాఖరున కరోనా భయముచేత దేశమంతయు మూయబడినప్పుడు, తెలంగాణలో అనేక గ్రామములవారు పొలిమేరలయందు ముండ్లకంపలు, దుంగలు వేసిరి. మేమున్న ఊరిలోను వేసిరి. మేమును ఒక తుమ్మకొమ్మ ఈడ్చితిమి. ఆ వేసవిలో పిల్లలను చంకనెత్తుకొని డిచ్‌పల్లిమీదుగా పోవు పెద్ద రోడ్డువెంట ఉత్తరదేశపు కూలివారు నడచిపోయిరి.

ఆ దినములలోనే మా సంఘములోని సహోదరుడొకడు ముంబయినుండి వచ్చెను. ఊరివారు అతనిని బావికాడి కొట్టములో పద్నాలుగు దినములు ఉండుమనిరి. అది న్యాయమే. మేము ఇంటిలో కూర్చుండి అతనికొరకు ప్రార్థన చేసితిమి. పోయి గట్టుమీద నిలిచి పలుకరింపలేదు, ఫోను చేయనుకూడ లేదు. పక్క చేని స్త్రీ యొకతె, మన సంఘపు స్త్రీ కాదు, దినదినము జొన్నరొట్టె, పప్పు తెచ్చి రాతిమీద పెట్టి, పది అడుగులు వెనుకకు పోయి, అతడు తినువరకు మాటలాడుచు నిలిచెనట.

గడువు తీరిన తరువాత మందిరములు తెరువబడినప్పుడు ఆ సహోదరుడు వచ్చి వెనుక తలుపు దగ్గర కూర్చుండెను. మేము క్షమాపణ అడుగబోగా, "మీరు నాకోసం ప్రార్థన చేసిన్రు అయ్యగారూ, మంచిదే. గని ఆమె నన్ను పేరు పెట్టి పిలిచింది" అనెను. అతడు కోపముతో అనలేదు గనుక ఆ మాట మమ్మును ఇంకను బాధించుచున్నది. మంచి సమరయుని ఉపమానమును ఎన్నిమార్లో ప్రసంగించిన మేము, ఆ త్రోవలో ఎవరి పక్షముగా నడచితిమో అప్పుడు గ్రహించితిమి.

5. లోపల ఎవరు, వెలుపల ఎవరు

ఇప్పుడు ధ్యానభాగమునకు వత్తము. సిరియనులు షోమ్రోనును ముట్టడి వేసిరి. గవినులు మూయబడినవి. లోపలివారు రక్షింపబడినవారు, గవినియొద్దనున్న నలుగురు కుష్ఠరోగులు చచ్చినవారితో సమానులు అని పట్టణపు లెక్క. అయితే లోపల జరిగినదేమి? ఇద్దరు తల్లులు బిడ్డలను వండుకొని తినుటకు ఒడంబడిక చేసికొనిరి. మనుష్యుని మనుష్యుడు తినుట గోడ లోపలనే జరిగెను. దానికి కాటు అక్కరలేకపోయెను, ఆకలియు భయమును చాలెను.

వెలుపలనున్న ఆ నలుగురు సందెవేళ శత్రువుల దండులోనికి పోయి, అది ఖాళీగా నుండుట చూచిరి. తినిరి, త్రాగిరి, కొంత దాచుకొనిరి. తరువాత తాము చేయుచున్నది మంచిది కాదని ఒకరితో ఒకరు చెప్పుకొని, తమ్మును వెలుపల ఉంచిన పట్టణమునకే తిరిగివచ్చి, ద్వారపాలకులను పిలిచి ఆహారమున్న సంగతి తెలిపిరి. పట్టణము వారి మాటవలన బ్రతికెను. గవిని దగ్గర మాట్లాడువారు ఎవరును లేకపోయినయెడల ఆ వార్త ఎవరు వినియుందురు?

సహోదరులారా, రోగములు ఇంకను వచ్చును. గనుక ఇంటిలో నీళ్లు, బియ్యము, మందులు ఉంచుకొనుడి. దానితోకూడ ఇంకొకటి చేయుడి. మీ వాడలో ఒంటరిగా నున్న వృద్ధులెవరు, మంచము పట్టినవారెవరు, గల్ఫుకు పోయినవాని ఇల్లాలు ఏ యింటిలో నున్నది, వారి పేర్లేమి అని ఈ వారమే తెలిసికొనుడి. వెలి వేయబడిన కులస్థుడు గాని, అన్యమతస్థుడు గాని ఆ పట్టీలోనుండి తప్పిపోకుండ చూడుడి. ఆపత్కాలమందు రొట్టె ఎవరి రాతిమీద పెట్టవలెనో అప్పుడు వెదకనక్కరలేదు.

ఆ ముసలి తల్లి ప్రశ్నకు మేమిప్పుడు చెప్పగలిగినది ఇంతే: తలుపు ఎప్పుడు తీయవలెనో ఆ దినపు జ్ఞానము దేవుడనుగ్రహించును గాక. తలుపు మూసియున్నను, దాని అవతల నున్నవాడు మన తమ్ముడే. కిటికీలోనుండి వానిని పేరు పెట్టి పిలుతము.

ప్రార్థన: కుష్ఠరోగిని చెయ్యి చాపి ముట్టిన ప్రభువా, మా భయమును నీవెరుగుదువు. బ్రతికియున్నవారిని చచ్చినవారిలో లెక్కించిన మా పాపమును క్షమించుము. ఆపత్కాలమందు మా ప్రాణమునే గాక మా పొరుగువాని పేరును జ్ఞాపకము చేసికొను కృప మాకు దయచేయుము. ఆమేన్.