నాయిన ముట్టనియ్యని పలక

నాకు ముప్పై ఆరేండ్లు. పోయిన దసరా సెలవుల్లో 4,500 రూపాయలు పెట్టి గిటారు కొనుక్కున్నాను. ఎడమచేతి వేళ్ల కొసలు కాయలు కాసి పొట్టు లేస్తున్నాయి. సి కార్డు పడితే ఒక తీగ మోగుతుంది, ఒకటి మూగబోతుంది. అక్కడి నుంచి జి కార్డుకు మారేలోపల పాట నన్ను వదిలేసి పోతుంది. ఎక్కం రాని పిల్లగాణ్ణి ‘ఎన్నిసార్లు చెప్పాల్రా’ అని కసిరే సారును నేను. ఇప్పుడు నన్నెవరు కసరాలె?

స్టాఫ్‌రూములో తెలిసి ‘మంచి అలవాటు సార్, వార్షికోత్సవానికి వాయించాలి’ అన్నారు. సంతోషపడ్డాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డప్పు నేర్చుకుంటున్నానని చెప్పి ఉంటే? ‘నీకు రాదా, ఇంకా నేర్చుకునుడా?’ అనేవాళ్లు. మాదిగోడికి అది పుట్టుకతోనే వస్తదని వాళ్ల లెక్క.

నాకు రాదు. నాయిన ముట్టనియ్యలేదు. చిన్నప్పుడు ఒకసారి చిర్రా, సిటికెన పుల్లా తీసి పలక మీద వేయబోతే చేతి మీద కొట్టిండు. ఆయన నన్ను కొట్టింది అదొక్కసారే. ‘ఇది నేర్చినవంటే ఊళ్లె పీనుగు లేచినప్పుడల్ల పిలుస్తరు. రానంటే ఊకోరు’ అన్నాడు. నేను బడికి పోయిన. డిగ్రీ, బీఈడీ చేసి సారునైన. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. నన్నెవరూ పీనుగు ముందరికి పిలవలేదు.

కానీ తోలును మంటకు కాచి, వేలితో మీటి, ఇంకెంత సెగ కావాలో చెవితోనే తెలుసుకునే విద్య వెట్టి ఎట్లయితది? చావుకు ఒక దెబ్బ, పెండ్లికి ఒక దెబ్బ, పోచమ్మ బోనాలకు ఇంకొక దెబ్బ. అవన్నీ ఏ పుస్తకమూ లేకుండా ఆయన చేతుల్లో ఉన్నాయి. వెట్టి నుంచి నన్ను తప్పించబోయి విద్య నుంచి కూడా తప్పించిండు. రెంటినీ వేరు చేసే వీలు ఊరు ఆయనకు ఇయ్యలేదు. తప్పు ఆయనది కాదు.

మరి నాది? 1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైనంక డప్పు సభల్లో తలెత్తుకొని మోగింది. పెద్దయినంక అటువంటి సభల్లో నేను చప్పట్లు కొట్టిన, డప్పు మాత్రం పట్టలేదు. ఉద్యోగం వచ్చి పన్నెండేండ్లయింది, ఇప్పుడు ఎవరికి భయం? గిటారంటే నాకు నిజంగానే ఇష్టం, మా వాడ చర్చిలో విన్నప్పటి నుంచీ. అయినా అందులో ఇష్టమెంతో, కులం అంటని వాయిద్యం చాటున దాక్కునుడు ఎంతో తేల్చుకోలేకపోతున్నాను.

సంక్రాంతికి దాన్ని ఇంటికి తీసుకపోయిన. నేను తడబడుతుంటే నాయిన అరుగు మీద నుంచి ‘ముందు కాలు ఆడియ్యి, చెయ్యి అదే వస్తది’ అన్నాడు. ఆడిచ్చిన. కొంచెం కుదిరింది.

‘పలక గూడ నేర్పు నాయినా’ అన్నాను.

ఆయన జవాబియ్యలేదు. గిటారు ఒళ్లో పెట్టుకొని, పైనున్న మరలు ఒక్కొక్కటే తడిమి చూసిండు.

‘దీన్ని మంటకు కాసే పని లేదా?’

‘లేదు. ఆ మర తిప్పితే సాలు.’

‘వానకాలం గూడ?’ అన్నాడు.