బిడ్డ ఎవరిది? విడాకుల తరువాతి సంరక్షణలో ధర్మవిచారం

విడాకుల తరువాత పిల్లల విషయంలో కోర్టు తేల్చవలసినవి మూడు. బిడ్డ రోజూ ఎవరి ఇంట్లో పెరగాలి, బిడ్డ తరఫున చదువు, వైద్యం, ఆస్తి వంటి నిర్ణయాలు ఎవరు తీసుకోవాలి, వేరుగా ఉంటున్న రెండోవారు బిడ్డను ఎప్పుడు, ఎలా కలుసుకోవాలి. మొదటిది కస్టడీ, రెండోది సంరక్షకత్వం, మూడోది విజిటేషన్. జనం నోట మాత్రం మూడూ కలిసి ఒకే ప్రశ్న అవుతాయి: ‘పిల్లలు ఎవరికి వచ్చారు?’ అన్నదమ్ముల పంపకాల్లో పొలం ఎవరికి వచ్చిందని అడిగే తీరే ఇది. బిడ్డ ఒకరికి ‘రావడం’ అనే ఊహ సరైనదేనా అన్న విచారం చట్టాలకన్నా చాలా పాతది.

మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం ఈ ప్రశ్నను విత్తనం, పొలం అన్న పోలికతో చర్చిస్తుంది. బిడ్డ విత్తిన వాడిదా, పొలం గలవాడిదా అన్నదే అక్కడి తర్కం. పోలికలోనే బిడ్డ పంటగా మారిపోయింది, పంట ఎవరిదో ఒకరిది కాక తప్పదు. మహాభారతం ఇదే చిక్కును శకుంతల కథలో ఇంకో దారిన నడిపిస్తుంది. నిండుసభలో దుష్యంతుడు కొడుకును ఎరగనన్నప్పుడు ఆకాశవాణి పలుకుతుంది. తల్లి తోలుతిత్తి వంటిది, కొడుకు తండ్రివాడు అన్న భావం ఆ పలుకులో ఉంది. విడిగా చూస్తే అది తండ్రికి రాసిచ్చిన హక్కుపత్రంలా కనిపిస్తుంది. ఆ మాట ఎందుకు పుట్టిందో చూస్తే అర్థం తిరగబడుతుంది. తప్పించుకోబోతున్న తండ్రిని పట్టి నిలపడానికి పలికిన మాట అది. ‘వీడు నీవాడు’ అన్న వెంటనే ‘వీణ్ణి భరించు’ అన్న ఆజ్ఞ వస్తుంది. ఆ భరించడం నుంచే భరతుడికి ఆ పేరు వచ్చిందని భారతమే చెబుతుంది. అంటే ‘నావాడు’ అన్న మాటకు అక్కడ ఉన్న బరువు బాధ్యతది.

విడిపోయిన తల్లిదండ్రుల కథ కూడా ఆదిపర్వంలో ఉంది. గంగ శంతనుణ్ణి విడిచి వెళుతూ ఎనిమిదో బిడ్డను తనతో తీసుకుపోయింది. వేదాలు, అస్త్రవిద్యలు నేర్పించి, పెద్దవాణ్ణి చేసి తెచ్చి అప్పగించింది. పెంపకంలో లోటేమీ లేదు. అయినా కథకుడు ఒక్క విషయాన్ని దాచలేదు. బాణాలతో నదీప్రవాహాన్ని ఆపుతున్న కుర్రవాణ్ణి ఒడ్డున నిలబడి చూసిన శంతనుడు తన కొడుకని గుర్తుపట్టలేకపోయాడు. ఇన్నేళ్ళ ఎడబాటులో తండ్రి ఏం పోగొట్టుకున్నాడో ఇంతకన్నా సూటిగా చెప్పడం కష్టం.

పడమటి దేశాల్లోనూ ఆలోచన ఇలాగే మలుపులు తిరిగింది. ఇంగ్లండులో పాత సంప్రదాయ న్యాయం ప్రకారం బిడ్డలపై హక్కు దాదాపు పూర్తిగా తండ్రిదే. 1839 చట్టంతోనే ఏడేళ్ళ లోపు పిల్లలను తన దగ్గర ఉంచమని కోర్టును అడిగే అవకాశం తల్లికి దొరికింది. అంతకు నూటయాభై ఏళ్ళ ముందే తత్త్వవేత్త జాన్ లాక్ ‘పితృ అధికారం’ అన్న మాటే తప్పనీ, తల్లికీ అందులో సమాన భాగం ఉందనీ, బిడ్డను పెంచే బాధ్యత నుంచే ఆ అధికారం పుడుతుందనీ వాదించాడు. జర్మన్ తత్త్వవేత్త కాంట్ ఇంకా లోతుకు వెళ్ళాడు. బిడ్డ అంగీకారం అడగకుండానే తల్లిదండ్రులు ఆ ప్రాణిని లోకంలోకి తెచ్చారు, బిడ్డ ఒక వ్యక్తి, వస్తువు కాదు, కాబట్టి రుణపడినవారు తల్లిదండ్రులే. మాతృరుణం, పితృరుణం అని మాత్రమే విని పెరిగిన సమాజం ఈ రుణం రెండో దిశలో కూడా నడుస్తుందని గమనించడం అవసరం.

భారతీయ చట్టంలో ఈ పాత కొత్త భావాలు పక్కపక్కనే నిలిచి ఉన్నాయి. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ఆరో సెక్షన్ సహజ సంరక్షకుడిగా తండ్రిని, ‘అతని తరువాత’ తల్లిని పేర్కొంటుంది. అయిదేళ్ళు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని కూడా అదే సెక్షన్ చెబుతుంది. రచయిత్రి గీతా హరిహరన్ వేసిన కేసులో 1999లో సుప్రీంకోర్టు ‘తరువాత’ అంటే తండ్రి చనిపోయాకనే అని కాదు, అతను లేని లేదా పట్టించుకోని స్థితిలో కూడా అని వివరించింది. ఆ చట్టం పదమూడో సెక్షన్‌కు వచ్చేసరికి బిడ్డ క్షేమమే అన్నిటికన్నా పైన నిలుస్తుంది. సన్యాసం తీసుకుని లోకాన్ని పూర్తిగా విడిచినవారు, హిందూ మతం వదిలినవారు సహజ సంరక్షకులు కాలేరన్న నిబంధన కూడా ఆరో సెక్షన్‌లోనే ఉంది. ముస్లిం న్యాయంలో పెంపకాన్ని హిజానత్ అంటారు. హనఫీ సంప్రదాయంలో మగబిడ్డ ఏడేళ్ళ వరకు, ఆడబిడ్డ రజస్వల అయ్యేవరకు తల్లి దగ్గర ఉంటారు. ఈ హిజానత్ తల్లి హక్కా, బిడ్డ హక్కా అని ఆ న్యాయశాస్త్రజ్ఞులు శతాబ్దాలుగా వాదించుకున్నారు. ఈ వ్యాసం అడుగుతున్న ప్రశ్నా అదే. అన్ని మతాలవారికీ వర్తించే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం బిడ్డ వయసు, ఆడో మగో, మతం, సంరక్షకుడి నడవడి, ఆలోచించి చెప్పగల వయసుంటే బిడ్డ ఇష్టం, ఇవన్నీ చూడమంటుంది.

న్యాయమూర్తి వివేకానికి కొలమానంగా, ఒకే బిడ్డను ఇద్దరు స్త్రీలు తమదంటున్న రెండు ప్రాచీన కథలు చెబుతారు. బైబిలులో సొలొమోను రాజు కత్తితో బిడ్డను రెండు ముక్కలు చేయమంటాడు. జాతక కథలో మహోసధ పండితుడు నేల మీద గీత గీసి, బిడ్డను మధ్యలో పడుకోబెట్టి, తల్లిని ఒక వైపు, యక్షిణిని మరో వైపు లాగమంటాడు. బిడ్డ ఏడ్వగానే వదిలేసినామె తల్లి. కథగా ఇది గొప్పది, కుటుంబ న్యాయస్థానంలో మాత్రం పనికిరాదు. జాతకంలో ఒకరిది అబద్ధం. విడాకుల కేసులో గీతకు అటూ ఇటూ నిజమైన తల్లీ తండ్రే ఉంటారు. పైగా ఇక్కడ బిడ్డ ఏడుపు భరించలేక చెయ్యి వదిలినవారికి బిడ్డ దక్కదు, గట్టిగా లాగినవారికే వాయిదాలు కలిసొస్తాయి. కాలం గడిచేకొద్దీ బిడ్డ ఉన్న ఇంటికే అలవాటు పడిపోతుంది. ఆ అలవాటే మళ్ళీ సాక్ష్యమవుతుంది. మధ్యంతర ఉత్తర్వులు ఆలస్యం కావడం అందుకే చిన్న విషయం కాదు.

ఈ చిక్కుకు జవాబుగా ఎదిగినది విజిటేషన్. ఈ మాటలో ఒక లోపం ఉంది. కన్నవారిని చుట్టపుచూపుగా వచ్చిపోయేవారిగా అది చూపిస్తుంది. 1992లో భారత్ చేరిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక తొమ్మిదో అధికరణం దీన్ని సరిచేస్తుంది. క్షేమానికి విరుద్ధం కానంతవరకు ఇద్దరితోనూ క్రమంగా కలుస్తూ ఉండే హక్కు బిడ్డది. ఆచరణలో అది వారాంతపు కలయికగా, వేసవి సెలవుల్లో సగంగా, సంక్రాంతి ఒకరింట్లో దసరా మరొకరింట్లోగా, రోజువారీ వీడియో కాల్‌గా ఉత్తర్వుల్లో కనిపిస్తుంది. హింస, తాగుడు వంటి భయం ఉన్నచోట కోర్టు ఆవరణలోనో, మరొకరి సమక్షంలోనో మాత్రమే కలవనిస్తారు. ఆ జాగ్రత్త న్యాయమే. భరణం ఇవ్వలేదని బిడ్డను చూపించకపోవడం, చూపించలేదని భరణం ఆపడం మాత్రం రెండూ తప్పే, ఎందుకంటే రెండూ బిడ్డకు చెందినవి. 2015లో లా కమిషన్ తన 257వ నివేదికలో ఉమ్మడి కస్టడీకి చట్టంలో చోటివ్వాలని సిఫార్సు చేసింది. ఇద్దరూ ఒకే ఊళ్ళో, మాటామంతీ ఉండే స్థితిలో ఉంటే ఇది బాగా నడుస్తుంది. పగ చల్లారని ఇళ్ళ మధ్య బిడ్డ కబుర్లు మోసే మనిషి అయిపోతుంది.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఈ గీత సముద్రాలు దాటుతుంది. సెలవులకని బిడ్డను హైదరాబాదుకో విజయవాడకో తెచ్చి తిరిగి పంపకపోవడం, అక్కడి కోర్టు ఒక ఉత్తర్వు ఇవ్వడం, బిడ్డను హాజరుపరచమంటూ ఇక్కడి హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ పడడం తెలిసిన వరసే. పిల్లల అపహరణపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు. విదేశీ ఉత్తర్వును ఒక అంశంగానే చూడాలనీ, బిడ్డ క్షేమమే ముఖ్యమనీ 2017లో సుప్రీంకోర్టు చెప్పింది.

కస్టడీ ఉత్తర్వు ఏదీ శాశ్వతం కాదు, పరిస్థితులు మారితే మార్చమని అడగవచ్చు. బిడ్డ ఎదిగేకొద్దీ న్యాయమూర్తి తన గదిలో కూర్చోబెట్టుకుని అడిగే మాటకు విలువ పెరుగుతుంది. అయితే ఆ జవాబు బిడ్డ మనసులోదా, పక్క గదిలో ఎవరో నేర్పిందా అని తేల్చుకోవలసిన భారం న్యాయమూర్తిదే. పద్దెనిమిదేళ్ళు నిండాక ఆ ఉత్తర్వుకు బలం ఉండదు. ఏ పండుగకు ఏ ఇంటికి వెళ్ళాలో ఆ పైన నిర్ణయించుకునేది ఆ అమ్మాయో అబ్బాయో.