కిటికీ మూసి చూసిన అదాలత్

జీ టీవీ 1992 అక్టోబర్ 2న మొదలైంది. ఇక్కణ్ణుంచి సిగ్నల్ పైకి పంపే అనుమతి ప్రైవేటు వాళ్లకి అప్పట్లో లేదు. కార్యక్రమాలు హాంకాంగ్‌లో ఉపగ్రహమెక్కి మన డాబాల మీది డిష్‌లలోకి దిగేవి. పటాన్‌చెరులో మా ఇంటికి ఆ వైరు పక్కింటి పిట్టగోడ మీదుగా వచ్చింది.

మరుసటేడు 'ఆప్ కీ అదాలత్' వచ్చింది. రజత్ శర్మ ఒక నాయకుణ్ణి బోనులో కూర్చోబెట్టి నిలదీసేవారు, చివర్లో జడ్జి తీర్పు కూడా! దూరదర్శన్‌లో మంత్రుల రిబ్బన్ కత్తిరింపులు చూసిన కళ్లకి అది పండగే. హిందీ సగమే అర్థమయ్యే మా నాయిన తొడ చరిచి మరీ నవ్వేవాడు.

రాత్రయితే నక్కవాగు వైపు నుంచి ఘాటు వాసన కొట్టేది. "కిటికీ పెట్టు బిడ్డా, మాట ఇనబడ్తలేదు" అనేవాడు. వాసన ఊసెత్తేవాడు కాదు. ఆ టీవీ కొన్నది ఫ్యాక్టరీ జీతంతోనే.

అసలు అదాలత్ ఇంకోటి అప్పటికే నడుస్తోంది. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల వ్యర్థజలాల మీద 1990లోనే సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. నక్కవాగు పోయి కలిసేది మంజీరలో. డాక్టర్ కిషన్‌రావు లాంటివాళ్లు రైతుల తరఫున కొట్లాడుతున్నారు. మా ఇంట్లో మాత్రం ఆ కేసు మాటే రాలేదు.

టీవీ మనల్ని మాయ చేసిందని చాన్నాళ్లు అనేవాణ్ణి. సులువైన మాట అది. ఛానల్ నాకు అబద్ధమేం చెప్పలేదు. పెద్దవాణ్ణి కూడా ప్రశ్నించొచ్చన్న ఊహ నాకు కలిగిందే అక్కడ. చిక్కేమిటంటే, ఇంకెవరో నిలదీస్తుంటే చూసి నేనే నిలదీసినంత తృప్తిగా పడుకునేవాణ్ణి. కోపానికీ ఆకలుంటుంది కదా, దానికి వారం వారం అన్నం పెట్టేశాం.

నాయిన్ని తప్పు పట్టలేను. నోరు తెరిస్తే జీతం పోతుంది. మరి నేను? కిటికీ మూసింది నా చెయ్యి.

ఇప్పుడాయన ఫోన్లో పాత ఎపిసోడ్లు చూస్తుంటాడు. మొన్న పక్కన కూర్చుని అడిగాను: "ఆ వాసన నీకు తెల్సేది కదా నాయినా?"

సౌండు తగ్గించాడు.

"తెల్సు. నీకు తెల్వదా?"