చౌక చాకు – గుణవిచారము

పత్తి చేలకును మిరప కల్లములకును నడుమ బ్రదుకంతయు గడపు చిలకలూరిపేట ప్రాంతపు రైతు రొండిని, చుట్టకట్టయు అగ్గిపెట్టెయు ఉన్న చోటనే, మడతచాకు ఒకటి దోపుకొని యుండుట నేటికిని అరుదు కాదు. తెల్లవారి వేపపుల్ల కోయుట మొదలు, చేలో పచ్చి పత్తికాయను చీల్చి లోపల గులాబిరంగు పురుగు చేరినదేమో చూచుట, బోరెము మూతి కట్టిన పురికొస తెంచుట, మిరప టిక్కీ కుట్టు విప్పి కాయ నాణ్యమును బేరగానికి చూపుట, మధ్యాహ్నమున గట్టుమీద సద్దిలోనికి ఉల్లిపాయ కోసికొనుట వరకు అన్నింటికిని అదియే ఆధారము. దాని వెల ఒక పూట భోజనపు వెలకు మించదు. మహాశివరాత్రికి పురుషోత్తమపట్నపు ప్రభలు కోటప్పకొండకు తరలునట్టి తిరునాళ్ళలో, బొమ్మలకును గాజులకును ప్రక్కగా గోనెపట్టామీద కుప్పవోసి అమ్మదగిన వస్తువది. కొనవచ్చినవాడు ఒక్కొక్కదానినే తీసి విప్పును, మూయును, మూసినప్పటి టక్కుమను చప్పుడును చెవియొగ్గి వినును, వాదరను బొటనవ్రేలితో అడ్డముగా తడవి చూచును. అన్నియు ఒకే యచ్చున పోసినవైనను కొన్నింటిని త్రోసివేసి ఒకదానిని ఏరుకొనును. కొంతకాలము గడచిన పిమ్మట అంతకంటె మేలైనదానిని ఇచ్చెదమన్నను మార్చుకొనడు. ఆ చౌక వస్తువునందు వాడు కనుగొనిన గుణము ఎక్కడ నున్నది? లోహమునందా, వాని మనస్సునందా, ఈ రెంటికిని నడుమనా? ద్రవ్యమునకును గుణమునకును గల సంబంధమును గూర్చి మన దార్శనికులు తరతరములుగా చేసిన వాదమంతయు ఈ ప్రశ్నలో ఇమిడియున్నది.

17వ శతాబ్దమున వెలసిన ఆంధ్ర పండితుడు అన్నంభట్టు, బాలురకు సుఖముగా బోధపడుటకై రచించిన తర్కసంగ్రహమున గుణములు 24 అని లెక్కించెను. ఆ పట్టికను చేతబట్టి మన చాకును పరీక్షించినచో విచిత్రమైన ఫలితము కలుగును. రూపము, స్పర్శ, పరిమాణము, గురుత్వము దానివే యనుటలో సంశయము లేదు. కాని కొనువాడు అంత శ్రద్ధతో వినిన ఆ శబ్దము చాకుది కాదు. తర్కమతమున శబ్దము ఆకాశమునకు మాత్రమే గుణము. పచ్చిమిరప కోసిన అలుగును తుడువక బత్తాయి కోసినప్పుడు నాలుకను మండించు కారము అలుగున కంటిన మిరప రసముది. అలుగును పిడియు కలిసిన కీలువద్ద నున్న సంయోగము ఒక్కదానియందు నిలుచునది కాదు, రెంటిని ఆశ్రయించి యుండునది. ఇక ఏండ్ల తరబడి వాడుటచేత కలిగిన ఆప్యాయతయో, బుద్ధి సుఖేచ్ఛాదులతో పాటు ఆత్మకు చెందును. ఇట్లు మనము చాకునందు ప్రేమించిన వన్నియు ఒక్కొక్కటిగా మరియొక ద్రవ్యమునకు చెందిపోగా, దానికి మిగులునది ఏమి?

మిగులునది పట్టికలో కట్టకడపటిదైన సంస్కారము. అన్నంభట్టు దానిని మూడు విధములుగా విభజించెను: వేగము, భావన, స్థితిస్థాపకము. అనుభవమువలన పుట్టి స్మృతికి కారణమగునది భావన. అది ఆత్మయందే ఉండును. వస్తువును వంచినను లాగినను మరల పూర్వస్థితికి తెచ్చునది స్థితిస్థాపకము. దానికి చాప మున్నగువానిని ఉదాహరణముగా చెప్పుదురు. మనుష్యుని జ్ఞాపకమును, విప్పిన చాప మరల చుట్టుకొనుటను ఒకే గుణమునకు భేదములుగా పరిగణించిన ఆ చూపు నాకు మిక్కిలి లోతైనదిగా తోచును. మడతచాకు వీపున నుండు ఉక్కుపట్టీ చేయు పని యిదియే. అలుగును విప్పునపుడు అది పైకి లేచి, పూర్తిగా విప్పినంతనే దిగి, అలుగు మడమను అదిమిపట్టును, మూయునపుడును అంతే. ఆ బిగువు సడలినదా, పని నడుమ అలుగు మడతపడి వ్రేళ్ళమీదికి వచ్చును.

చౌకగా చేయువాడు పొదుపు చేయక తప్పదు. ఎక్కడ పొదుపు చేసెనో దానినిబట్టి వాని ధర్మము తెలియును. పిడి ప్లాస్టిక్కుది కావచ్చును, మెరుగు లేకపోవచ్చును, రివెట్టు తల వంకరగా నుండవచ్చును. ఇవి క్షమింపదగిన లోపములు. ఉక్కును ఎర్రగా కాల్చి, నీటనో నూనెనో ముంచి గట్టిపరచి, పిమ్మట పెళుసుదనము పోవునట్లు తగుమాత్రము మరల వేడిచూపు పనిలో లోపము చేసినచో మాత్రము, ఎంత మెరసినను ఆ చాకు వాదర పురికొసకే ఓడిపోవును. కొలిమి ముందు కూర్చున్న కమ్మరి ఈ తగుమాత్రమును, కాగుచున్న ఉక్కుమీద మారు రంగును చూచి పోల్చుకొనును. ఈపాటి నిజాయితీ లేని వస్తువునందు గుణమును వెదకుట వ్యర్థమని నా యభిప్రాయము. మన ప్రేమ దానికి గుణమును ఎరువు తెచ్చి పెట్టలేదు.

అయినను తార్కికుని పట్టికతో ప్రశ్న తీరదు. ఒకే కుప్పనుండి వచ్చిన రెండు చాకులు కొన్నియేండ్లకు ఒకదానికొకటి పోలిక లేనివగుట ఏల? దీనికి బదులు మరియొక దార్శనికునియొద్ద దొరకును. చిలకలూరిపేటకు వాయవ్యమున, సంప్రదాయము బౌద్ధాచార్యుడైన నాగార్జునుని పేరుతో ముడివెట్టిన నాగార్జునకొండ లోయ కలదు. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరపు జలములు ఆ లోయను ముంచినవి, ఆ జలములే కుడికాలువ వెంట వచ్చి ఈ జిల్లాల పైరులను తడుపుచున్నవి. ఆ యాచార్యుడు మూలమధ్యమకకారికలలో 15వ ప్రకరణమున స్వభావమును పరీక్షించి, స్వభావమే యున్నచో అది చేయబడినది కారాదనియు, పరాపేక్ష కలది కారాదనియు నిర్ణయించెను. ఈ పరీక్షలో మన చాకు రెండు విధముల ఓడును. సానరాయి లేక వాదర లేదు. చేయి లేక కోత లేదు. కోయదగినది లేక చాకు అనుటకే అర్థము లేదు. రైతు సానపట్టు వాలు, అరచేతి చెమట, మామిడి నిమ్మల పులుపునకు కర్బనపు టుక్కుపై తేలు నీలినలుపు మరకలు కూడి దాని వ్యక్తిత్వమును పుట్టించినవి గాని, అది మొదటనే లోపల దాగియుండి పిదప బయల్పడలేదు. తుప్పుపట్టని ఉక్కు ఈ విషయమున కొంచెము మూగది. చాకు నమ్మదగినదగుటకు తార్కికుడు చెప్పినది చాలును. ప్రియమగుటకు నాగార్జునుడు చెప్పినది కావలెను.

చౌకదనము ఇందులకు సహకారికారణము. వెలగల చాకును కొన్నవాడు దానితో గోతము కోయ జంకును. అది పెట్టెలో ఏ సంబంధమును లేక నిత్యనూతనముగా పడియుండును. ఫ్రాన్సున సవోయ్ సీమలో జోసెఫ్ ఒపినెల్ 1890లో రూపొందించిన కొయ్యపిడి చాకు సామాన్యుల చేతులలోనే పేరుగాంచినది. అలుగును కదలకుండ పట్టు ఉంగరము 1955లో గాని దానికి చేరలేదు. జపానున మికి పట్టణపు హిగొనొకామి ఇంకను నిరాడంబరము: మడిచిన రేకే పిడి, వీపున పట్టీ లేదు, బిగించు సాధనము లేదు, అలుగు వెనుక పొడుచుకొనివచ్చిన చిన్న తోకను బొటనవ్రేలితో అదిమి పట్టవలెను. ఒకప్పుడు అచ్చటి బడిపిల్లలు పెన్సిళ్ళు చెక్కుకొనినది దానితోనే. అక్కడ స్థితిస్థాపకము చేయవలసిన పని మనుష్యుని ప్రయత్నమునకు సంక్రమించినది. ప్రయత్నము తర్కమున ఆత్మగుణము గనుక, చాకు పూర్తి యగుటకు ఆత్మయొకటి తోడుపడవలసి వచ్చినది. వస్తువుయొక్క పేదరికమే దానిని మనుష్యునకు ఇంత దగ్గర చేయుట, ఎన్నిమారులు తలచినను, నన్ను కదలించును.

ఇదంతయు మమకారమే గదా, వేదాంతులు విడువుమన్నది దీనినే గదా యని అడుగువారుందురు. మమకారమును దాని వెంటనుండు భయమునుబట్టి గుర్తింపవచ్చును. చౌక చాకు గట్టుమీద జారిపోయినచో రైతు ఒక పూట వెదకి, కొంత చింతించి, వచ్చు తిరునాళ్ళలో మరియొకటి ఏరుకొనును. పొరుగువాడు అడిగినచో సంకోచింపక ఇచ్చును. భయము లేని ప్రీతిని బంధమనుటకు నాకు మనసొప్పదు. దసరా ఆయుధపూజనాడు రైతులు కొడవలికిని ట్రాక్టరునకును పెట్టిన పసుపుకుంకుమలే దానికిని పెట్టి, ఏడాది పొడుగున తమకు లొంగియున్నదానికి ఆ యొక్కనాడు తాము తలవంతురు.

తాత చాకు మనుమనికి సంక్రమించినప్పుడు విచారము మరల మొదలగును. తాత భావన తాత ఆత్మతోనే పోయినది. తర్కము దానిని లోహమున నిలువనీయదు. అరిగి సన్నబడిన అలుగున తాత సానపట్టిన వాలు మాత్రము నిలిచియున్నది. మనుమడు దానిని రాతిపై పెట్టిన మొదటినాడు ఆ వాలునే అనుసరింపవలెను, లేదా దానిని అరగదీసి తన చేతికి అనువైన వాలును దిద్దుకొనవలెను. అతికఠినమైన ఖరీదుగల ఉక్కు అంత సులభముగా మాట వినదు. చౌక ఉక్కు పెరటిలోని బండమీదనే, ఒక సాయంకాలపు శ్రమకు లొంగును.