రాని తాబేలుకు హామీ

ముప్ఫై ఏళ్ళుగా బ్యాంకులో అర్జీలు చదవడమే నా ఉద్యోగం. పాడిగేదెకు, పడవ ఇంజనుకు, కిరాణాకొట్టుకు, కూతురి చదువుకు. అడిగేవారు బల్లకు అవతల, నేను ఇవతల. ఒకసారి మాత్రం నేను అవతలి కుర్చీలోకి మారవలసి వచ్చింది. తాబేళ్ళ కోసం గ్రాంటు అడుగుతూ దరఖాస్తు రాశాను. అప్పటినుంచి ఒక ప్రశ్న నన్ను వదలడంలేదు. దాన్ని పాఠకుల ముందు పెడదామనే ఈ నాలుగు మాటలు.

గంజాం జిల్లాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసేచోట, తీరం వెంట ఉన్న పల్లెల్లో మన తెలుగు జాలరులు తరతరాలుగా ఉంటున్నారు. ఒడియావారు వాళ్ళను నోలియాలంటారు. సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో అక్కడి ఇసుకమీదికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మూకుమ్మడిగా వచ్చి గుడ్లు పెడతాయి. ఈ సంగతి 1994లో గాని శాస్త్రజ్ఞుల కాగితాల్లోకి ఎక్కలేదు. తల్లి తాబేలు నూరు గుడ్ల దాకా పెట్టి, ఇసుక కప్పి వెళ్ళిపోతుంది. సుమారు ఏడు వారాలకు పిల్లలు రాత్రివేళ బయటపడి, వెలుతురు కనిపించిన వైపు నడుస్తాయి. చీకటి రాత్రుల్లో ఆ వెలుతురు సముద్రానిదే. ఇప్పుడు రోడ్డుదీపాలు, ఊరిదీపాలు వాటిని వెనక్కి లాగుతున్నాయి. పల్లె కుర్రాళ్ళు రాత్రంతా కాపుకాసి, దారితప్పిన పిల్లల్ని బకెట్లలో ఎత్తి నీళ్ళ దగ్గర వదులుతుంటారు.

అలాంటి కుర్రాళ్ళు కొందరు సంఘం పెట్టుకున్నారు. టార్చిలైట్లకు, వలకంచెకు డబ్బు కావాలి. బరంపురంలో మా ఇంటికి వచ్చి, "మీకు ఇంగ్లీషూ వచ్చు, లెక్కలూ వచ్చు, మీరే రాయాలి" అన్నారు. బి.కాం. చదివినందుకు ఇన్నాళ్ళకు ఇంత గౌరవం దక్కింది.

దారులు లేకపోలేదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చుపెట్టాలి. జంతుజాల రక్షణ కూడా ఆ జాబితాలో ఉంది. విదేశాల డబ్బు తీసుకోవాలంటే ప్రత్యేక అనుమతి కావాలి, 2020 సవరణ తరువాత ఢిల్లీలో ఒకే ఒక స్టేట్ బ్యాంకు శాఖలో ఖాతా తెరవాలి. ఇసుకలో మోకాళ్ళమీద పాకే కుర్రాళ్ళకు ఢిల్లీ ఖాతా ఎక్కడ కుదురుతుంది? అందుకని ఒక స్వదేశీ సంస్థ ఫారం తెచ్చుకున్నాం. పేరు అనవసరం.

అందులో ఒక గడి: 'ఈ పథకంవల్ల ఏడాదికి ఎన్ని తాబేలు పిల్లలు రక్షింపబడతాయి?' నేను వెనకాడలేదు. బ్యాంకులో రోజూ చూసే విద్యే కదా. వాడికి అంకె కావాలి, మనం అంకె ఇవ్వాలి. 'ఒక లక్ష' అని రాశాను.

రాసింది పల్లెలో తెలుగులో చదివి వినిపించాను. ఒక ముసలాయన బీడీ ఆర్పి అడిగాడు: "తాబేళ్ళు రాపోతే డబ్బులు తిరిగిచ్చియ్యాలేటి బాబూ?"

నాకు మాట రాలేదు. 2025లో ఆ తీరానికి ఆరు లక్షలకు పైగా వచ్చాయి. కొన్ని ఏళ్ళు గుంపుగా రానేరావు. ఎందుకు రావో సముద్రానికే తెలియాలి. గేదెకు అప్పిస్తే పాల లెక్క కట్టవచ్చు. రాని తాబేలుకు నేను హామీ సంతకం పెట్టాను.

ఇంకో గడి: 'స్థానికుల వాటా.' చాలా గ్రాంట్లలో ఇది ఉంటుంది. 1992లో మొదలైన ప్రపంచ పర్యావరణ నిధివారి చిన్న గ్రాంట్ల పథకం కూడా నగదుగానో, శ్రమగానో వాటా అడుగుతుంది. నేను కాపలా రాత్రుళ్ళను కూలి రేటుతో గుణించి వేశాను. ఒక కుర్రాడి ముఖం చిన్నబోయింది. "మేం కూలికెళ్ళామని రాసేశారేటండి?" అన్నాడు. ధర కట్టకపోతే వాటా లేనట్టు. కడితే వాడు చేసిన పని మరొకటైపోయింది. పోనీ, ఋషికుల్య ముఖం ఎదుట తీరంనుంచి 20 కిలోమీటర్ల లోపు నవంబరు 1 నుంచి మే 31 దాకా వేట నిషేధం. ఆ ఏడు నెలల్లో పల్లె పోగొట్టుకునే చేపలు ఏ గడిలో వేయాలి? ఫారంలో వాళ్ళను 'లబ్ధిదారులు' అన్నారు. నా ఆవర్జాలో అయితే వాళ్ళు ఋణదాతలు.

ఇచ్చేవాడిది తప్పని నేననను. పరుల సొమ్ము పంచేవాడు లెక్క అడగాలి. అడగకపోతే ఏమవుతుందో నా ఉద్యోగంలో చూశాను. కాని మన పనికి లెక్క చెప్పడం వేరు, ప్రకృతి రాకపోకలకు లెక్క చెప్పడం వేరు. అందుకని లక్ష కొట్టేశాను. ఎన్ని రాత్రులు, ఎంతమంది, ఎన్ని మీటర్ల కంచె అన్నది రాసి, 'తాబేళ్ళ రాక మా చేతిలో లేదు' అని ఒక వాక్యం చేర్చాను. ముసలాయన తలూపాడు.

రెండు నెలలకు జవాబు వచ్చింది. ఫలితాలు స్పష్టంగా లేవట. గ్రాంటు లేదు.

కుర్రాడు మర్యాదగానే అడిగాడు: "లక్ష ఉంచేస్తే ఇచ్చీవోరేమో కదండీ?"

ఇచ్చేవారేమో. నా ప్రశ్న ఇదే. నిజం రాసింది నేను, నష్టం వాళ్ళది. నాకు నెల తిరిగేసరికి జీతం వస్తుంది, వాళ్ళు ఆ ఏడు పాత టార్చిలతోనే తిరిగారు. ఒకరి నిజాయితీకి ఇంకొకరు వడ్డీ కట్టవచ్చునా?

ఆలోచించగా నాకొకటి తోచింది. అబద్ధం రాసి ఉంటే, తాబేళ్ళు రాని ఏడు దాన్ని నిలబెట్టడానికి ఇంకో అబద్ధపు అంకె వేయవలసింది నేను కాదు, ఆ కుర్రాళ్ళే. ఇసుక ఖాళీగా ఉన్నా పుస్తకంలో పిల్లలు పుట్టించాలి. అది అలవాటయ్యాక, బకెట్ పట్టుకుని నిద్ర మానుకోవడం దేనికి? ఆ అప్పు వాళ్ళ నెత్తిన పెట్టే హక్కు నాకు లేదు. అయితే, అంకె కొట్టేసేముందు, "దీనివల్ల డబ్బు రాకపోవచ్చు, మీ ఇష్టమేమిటి?" అని వాళ్ళనందరినీ అడగవలసింది. ఒక్క ముసలాయన తల ఊపితే సరిపోదు. ఆ తప్పు నాదే.

ఇప్పుడు మళ్ళీ రాస్తున్నాం. ఈసారి ప్రతి గడీ పల్లెలో చదువుతున్నాను. ఎవరి పేరుమీద చెయ్యి చాస్తున్నామో వాళ్ళ ముందు తలెత్తి చదవగలిగితేనే సంతకం. వాటా గడిలో ఏం రాయాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. కుర్రాళ్ళు కూలి అన్న మాట ఒప్పుకోవడంలేదు. నేనూ ఒత్తిడి చెయ్యడంలేదు.