జున్ను గిన్నెలో ఎవరి వాటా?

"పాలు ఎవరివి?" అని ఒకరోజు మా తరగతిలో టీచరు అడిగారు. సగం మంది "ఆవిన్‌వి!" అని అరిచారు. అంబత్తూరులో ఆవిన్ డెయిరీ ఉంది కదా, అందరం నవ్వుకున్నాం. కానీ ఆ ప్రశ్న నన్ను ఇంటిదాకా వదల్లేదు. కారణం చెబుతాను.

మా వీధి చివర ఒక అన్న రెండు ఆవులు పెట్టుకుని పాలు పోస్తారు. పోయిన ఏడాది ఒక ఆవు ఈనింది. నాకు జున్నంటే ప్రాణం. "అన్నా, మొదటి పాలు మాకే" అని ముందే చెప్పి పెట్టాను. ఆ ఉదయమే చెంబు నిండా తెచ్చుకున్నాను. అమ్మ బెల్లం, మిరియాల పొడి వేసి ఆవిరి మీద ఉడికించింది. అందరం ఇష్టంగా తిన్నాం. వారం తిరగకముందే దూడ పారుడు పట్టి చచ్చిపోయింది. "కోడెదూడే కదా, పోనీలే" అన్నారెవరో.

సెలవుల్లో నగరి దగ్గర మా అవ్వ వాళ్ళ ఊరికి పోయినప్పుడు ఈ సంగతి చెప్పాను. అవ్వ ఒకటే అడిగింది. "దూడ తాగినాక పితికినారా, తాగకముందే పితికినారా?" నాకు తెలీదు. అడగాలని కూడా తోచలేదు.

తర్వాత టీచరును అడిగి తెలుసుకున్నాను. మనిషి బిడ్డకు తల్లి కడుపులోనే రోగాలను తట్టుకునే శక్తి కొంత అందుతుంది. దూడకు అలా అందదు, ముర్రుపాల నుంచే రావాలి. పుట్టిన గంట, రెండు గంటల్లోపు తాగించాలి. 24 గంటలు దాటితే దాని పేగులు ఆ శక్తిని పీల్చుకోలేవు. ఆ తర్వాత కూడా రోజుకి దాని బరువులో పదోవంతు పాలు కావాలి. అంటే 25 కిలోల దూడకు రెండున్నర లీటర్లు. రెండో వారం నుంచి కొంచెం దాణా, లేత గడ్డి, మంచినీళ్ళు అలవాటు చేస్తే నెమరువేసే పొట్ట ఎదుగుతుంది. నట్టల మందు కూడా తాగించాలి.

మరి పాలు పితకడమే తప్పా? ఆ పాలు అమ్మే అన్న పిల్లల ఫీజు కడతారు. ఊళ్ళోలా ఇక్కడ మేపడానికి బీడు లేదు, గడ్డి కూడా కొనాల్సిందే. సంకరజాతి ఆవు మామూలుగా దూడకు కావలసినదానికన్నా ఎక్కువే ఇస్తుంది. ఇద్దరికీ సరిపోతాయి. ఎవరు ముందు అన్నదే ప్రశ్న. దూడను వదిలితే ఆవు చేపుతుంది. చేపగానే దూడను లాగి గుంజకు కట్టేస్తాం. తల్లి ప్రేమను వాడుకుని బిడ్డను పస్తు పెడితే అది న్యాయమా?

అనంతామాత్యుడు రాసిన భోజరాజీయంలో ఆవు-పులి కథ అందరికీ తెలుసు. దూడకు పాలిచ్చి వస్తానని ఆవు బతిమాలుకుంటుంది, మాట తప్పకుండా తిరిగి వస్తుంది. చిన్నప్పటి నుంచి ఆవునే మెచ్చుకున్నాను. ఇప్పుడు పులి కూడా గొప్పదే అనిపిస్తోంది. అంత ఆకలిలోనూ దూడ పాలు తాగేదాకా ఆగింది. నేను ఆగలేదు.

ఆ దూడ ముర్రుపాలు అందకే పోయిందని నేను గట్టిగా చెప్పలేను. కానీ అది తాగిందా అని అడగకుండా తిన్నాను. నా తప్పు అక్కడుంది.

ఇప్పుడు రెండో ఆవు చూడితో ఉంది. "దూడ కడుపునిండా తాగినాక మిగిలితేనే ఇవ్వండన్నా" అని చెప్పాను. అన్న నవ్వి, "మిగలకపోతే?" అన్నారు.

"వచ్చే ఈతకి తింటాలే అన్నా" అన్నాను.