రేవులో లాంతరు

కొల్లేటి నడుమ ఒక లంక. దానికి అవతల, గడ్డిదిబ్బ మీద నాటుసారా బట్టీలు. పొద్దుగూకితే ఊరి కుర్రాళ్లు దోనెలేసుకుని అటు పోయేవారు. ఆడవాళ్ల ఏడుపులు విని విని పెద్దాయన పంచాయితీ పెట్టాడు. అటు వెళ్లినవాడికి తప్పు వేస్తామన్నాడు, దోనె చీల్చేస్తామన్నాడు. అన్నట్టే రెండు తాటిదోనెల్ని రేవులోనే గొడ్డలితో చీల్చారు. రాత్రిళ్లు రేవు ఖాళీ అయింది. ఊరు బాగుపడిందనుకున్నారు.

కుర్రాళ్లు మానింది దోనెల్నే. చీకట్లో కిక్కిసలో పడి, గుర్రపుడెక్కను చేతులతో తోసుకుంటూ ఈదిపోయేవారు. ఒక రాత్రి తిరిగొస్తుంటే ఒకడి కాళ్లకు తూడు చుట్టుకుంది. వెంట ఉన్నవాడు కేకేస్తే పది దోనెలొచ్చేవి. కేకేస్తే తానూ దొరికిపోతాడు. వాడు నోరు మూసుకుని ఇంటికి పోయి ముసుగుతన్నాడు. తెల్లారాక వలకెళ్లినవాళ్లకి శవం దొరికింది.

పెద్దకర్మ అయిన సాయంత్రమే పోయినవాడి మామ్మ రేవులో గెడ పాతి లాంతరు కట్టింది. పక్కనే తన దోనె. "ఎవరైనా సరే, కేకెయ్యండ్రా. పేరడగను" అంది.

పెద్దాయన మండిపడ్డాడు. "తాగుబోతులకి దీపం పడుతున్నావా పిన్నీ?"

"ఒడ్డుకొచ్చినోడికైతే రేపు బుద్ధి చెప్పుకోవచ్చు బాబూ. నా మనవడికి ఏం చెబుతావు? నీ గొడ్డలి పదునుగానే ఉందిగా, బట్టీల మీదకి పట్టుకెళ్లు."

పెద్దాయన మారుమాటాడలేదు. మర్నాడు ఊరి మగాళ్లని కూడగట్టి దిబ్బ మీద బెల్లపు ఊట బానలు పగలగొట్టించాడు. మామ్మ దోనెలో ఒడ్డుకు చేరినవాళ్లలో కొందరు మానేశారు. ఒకడు మానలేదు. వాడి కోసం కూడా లాంతరు వెలుగుతూనే ఉంది.

నీతి: గొడ్డలి వెళ్లాల్సింది అమ్మేవాడి మీదకి, దోనె వెళ్లాల్సింది చిక్కుకున్నవాడి దగ్గరికి.

మనం చూడనిది కాదు. 1995లో ఎన్టీఆర్ ప్రభుత్వం పెట్టిన సంపూర్ణ మద్యనిషేధం వెనక పల్లె ఆడవాళ్ల నిజమైన కన్నీళ్లున్నాయి. 1997లో దాన్ని సడలించేశారు. 2020లో ప్రకాశం జిల్లా కురిచేడులో మందు దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. మరో దారి పట్టిన పోర్చుగల్ 2001 నుంచి కొద్దిపాటి మత్తుమందుతో దొరికినవాణ్ని జైలుకు పంపకుండా, వైద్యులూ సామాజిక కార్యకర్తలూ ఉండే మండలి ముందుకు పంపుతోంది. అమ్మేవాళ్లకి మాత్రం అక్కడా శిక్షే. అలాగని గంజాయి మూటలు మోసేవాణ్ని వదిలేయమని నేననను. ఆ గొడ్డలి పదును తగ్గకూడదు.

మన 1985 నాటి మత్తుమందుల నిరోధక చట్టం ఎన్‌డీపీఎస్‌లోనూ ఒక లాంతరుంది. దాని 64ఏ సెక్షన్ ప్రకారం, మత్తుకు బానిసై వాడినందుకో, కొద్ది మోతాదుతో దొరికినందుకో కేసులో ఉన్నవాడు తనంతట తాను గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్స పూర్తి చేసుకుంటే, ఆ కేసులో విచారణ నుంచి మినహాయింపు దొరుకుతుంది. గంజాయి కేసులో కొడుకు ఇరుక్కున్న ఎంతమంది అమ్మానాన్నలకి ఈ మాట చెబుతున్నారు? గంజాయి సమాచారం ఇవ్వడానికి ఆంధ్రప్రదేశ్‌లో మత్తుమందుల నిరోధక దళం ఈగల్ నంబరు 1972 ఉంది. మానాలనుకునేవాడు సలహా అడగడానికి కేంద్రం నంబరు 14446 ఉంది. ఏలూరులో, తాడేపల్లిగూడెంలో ప్రతి కాలేజీ గోడ మీదా ఈ రెండూ పక్కపక్కనే, ఒకే సైజు అక్షరాల్లో రాయించాలి.